ఆసుపత్రి కంటే ముందు వార్డు

*వానాకాలం వచ్చిందంటే పత్రికల నిండా జ్వరాల వార్తలు, పడకల లెక్కలు. ఆ పడకలు నిండాలో వద్దో తేలేది మాత్రం అంతకు చాలా ముందే, మన వీధిలో. మున్సిపల్ ప్రజారోగ్య విభాగం రోజూ చేసే పనిని, చేయలేకపోతున్న పనిని ఒకసారి దగ్గరగా చూద్దాం.*

తెల్లవారుజామున అయిదున్నర. వార్డు కార్యాలయం ముందు వేపచెట్టు కింద మేస్త్రీ హాజరు వేస్తున్నాడు. పేరు పలికినవాళ్లు పలికినట్టే చీపురు, పార, తోపుడుబండి తీసుకుని తమ వీధుల వైపు వెళ్లిపోతున్నారు. ఆరింటికి ఒక వీధిలో కొళాయిలు వచ్చాయి. పైపులైను చిట్టచివరి ఇంటి ముందు నీటి విభాగం ఉద్యోగి గాజుగొట్టంలో నీళ్లు పట్టాడు. అందులో మందు చుక్కలు వేసి, రంగు పసుపుకు తిరిగిందో లేదో వెలుతురుకు ఎత్తి చూస్తున్నాడు. పక్క వీధికి ఇవాళ నీళ్ల వంతు లేదు. ఎనిమిదింటికి మలేరియా విభాగం కార్మికుడు భుజాన స్ప్రేయరుతో అక్కడొక గేటు తట్టాడు. "అమ్మా, డ్రమ్ములు ఒకసారి చూడాలి." పెరట్లో మూతలేని నీలం డ్రమ్ము. టార్చిలైటు వేయగానే సన్నటి పురుగులు మెలికలు తిరుగుతూ అడుక్కి దిగాయి. "దోమపిల్లలమ్మా. నీళ్లు పారబోసి, డ్రమ్ము లోపల పీచుతో తోమాలి." ఆ ఇల్లాలు తల అడ్డంగా ఊపింది. "నిన్న పట్టుకున్న నీళ్లు బాబూ. పారబోస్తే మళ్లీ కొళాయి వచ్చేది రేపు. అందాకా వంటకీ స్నానాలకీ ఏం చేయమంటావు?"

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏ పట్టణంలోనైనా వానాకాలం పొద్దున కనిపించే దృశ్యమే ఇది. ఆ ఇద్దరి మాటల్లోనూ న్యాయం ఉంది. కార్మికుడు చెప్పింది శాస్త్రం, ఇల్లాలు చెప్పింది అవసరం. వీళ్లిద్దరి మధ్య తెగని పేచీకి కారణం ఆ పెరట్లో లేదు, ఆ ఇంటికి నీళ్లు మోసుకొచ్చే గొట్టంలో ఉంది. ఆ గొట్టం ఇంజినీరింగ్ విభాగానిది, డ్రమ్ములో పురుగు మలేరియా విభాగానిది, జ్వరం వచ్చాక రోగి వైద్యారోగ్య శాఖవాడు. మనిషి ఒక్కడే అయినా అతని ఆరోగ్యాన్ని కాపాడాల్సిన పని ముగ్గురి బల్లల మీద ముక్కలై పడి ఉంది. ఆ ముక్కలను ఒకచోట చేర్చగలిగింది స్థానిక సంస్థ ఒక్కటే. పట్టణాల్లో ప్రజారోగ్యం బాగుపడాలంటే కొత్త ఆసుపత్రి భవనం కన్నా ముందు ఆ వార్డు పనిని ఒక తాటి మీదకు తేవాలి, దాని లెక్కలు రోజూ జనం ముందు పెట్టాలి.

ఒకే గొట్టం, రెండు రోగాలు

డెంగ్యూ, నీళ్ల విరేచనాలు డాక్టరు దృష్టిలో రెండు వేర్వేరు రోగాలు. ఒకటి దోమ మోసుకొచ్చే వైరస్, రెండోది కలుషిత నీటితో కడుపులోకి చేరే క్రిమి. వార్డులో నిలబడి చూస్తే మాత్రం రెండింటి వెనకా చాలాసార్లు ఒకే కారణం కనిపిస్తుంది, అది రోజు విడిచి రోజు వచ్చే నీళ్లు. కొళాయి రోజూ రాని ఇంట్లో డ్రమ్ములు, తొట్లు, సంపులు తప్పవు. డెంగ్యూను మోసే ఈడిస్ దోమ మురుగులో కన్నా ఇలా నిలవ ఉంచుకున్న మంచి నీళ్లలోనే ఇష్టంగా గుడ్లు పెడుతుంది. అందుకే శుభ్రంగా ఊడ్చిన వీధిలో, అద్దంలా మెరిసే అపార్టుమెంటులో కూడా డెంగ్యూ వస్తుంది.

అదే కొళాయి రెండో రోగానికీ దారి ఇస్తుంది. నీళ్లు వదిలినంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి ఎక్కడైనా చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారతాయి తప్ప బయటివి లోపలికి రావు. సరఫరా ఆగిపోయాక ఆ ఒత్తిడి పోతుంది. పాత పట్టణాల్లో ఇంటి కనెక్షన్ పైపులు చాలాచోట్ల మురుగుకాల్వ పక్క నుంచో, ఏకంగా కాల్వలో నుంచో వెళుతుంటాయి. ఖాళీ పైపు తన పక్కనున్న మురుగును చిల్లుల్లోంచి లోపలికి లాక్కుంటుంది. కొళాయికి నేరుగా మోటారు బిగించి నీళ్లు లాగే ఇళ్లు ఉంటే ఆ లాగుడు ఇంకా పెరుగుతుంది. నీళ్ల ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిగ్గానే కలిపారు, ట్యాంకు దగ్గర పట్టిన నమూనా బాగానే ఉంది, అయినా వీధి చివరి ఇంట్లో పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటాయి. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మే నెలలో కలుషిత తాగునీరు పలువురి ప్రాణాలు తీసింది. 2018 మార్చిలో గుంటూరులో తాగునీటిలో మురుగు కలిసి అతిసారం ప్రబలితే మళ్లీ అదే విషాదం. ఊళ్లు వేరు, ఏళ్లు వేరు అయినా రెండుచోట్లా తప్పు తాగునీటి దారిలోనే జరిగింది.

ఇలాంటి ఘటన జరిగినప్పుడల్లా వైద్య శిబిరం పెడతారు, ట్యాంకర్లు పంపుతారు, ఒకరిద్దరు ఉద్యోగులను సస్పెండ్ చేస్తారు. అవన్నీ అవసరమే కావచ్చు. కానీ విరేచనాల కేసు ఒకటి, రెండు, మూడుగా వచ్చిన మొదటి రెండు రోజుల్లోనే ఆ ఇళ్లన్నీ ఏ పైపులైను మీద ఉన్నాయో ఎవరైనా చూసి ఉంటే ఆ లైను కట్టేసి చాలా ప్రాణాలు కాపాడి ఉండవచ్చు. 1854లో లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు చేసిన పని అదే. కలరా చావులను వీధి పటం మీద గుర్తించి, అవి బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు చుట్టూ మూగి ఉన్నాయని చూపించాడు. ఆ పంపు పిడి తీయించాడు. అప్పటికి కలరా క్రిమి సంగతి వైద్యలోకానికి ఇంకా తెలియదు. రోగుల జాబితానూ నీళ్ల పటాన్నీ పక్కపక్కన పెడితే అంత పని జరిగింది. మన పట్టణాల్లో ఆ జాబితా ఒక శాఖలో, ఆ పటం మరో శాఖలో ఉన్నాయి.

> కొళాయి దగ్గర రెండు పరీక్షలు
> • వినియోగదారుడి కొళాయి దగ్గర లీటరు నీటిలో కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతుంది. మందు చుక్కలు వేస్తే నీళ్లు పసుపు రంగుకు తిరగడం క్లోరిన్ ఉందనడానికి గుర్తు.
> • రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష. నీళ్లు పోసి ఒకటి రెండు రోజులు ఉంచితే నల్లబడిందంటే మలకాలుష్యం ఉందని అనుమానించాలి.
> • నమూనా తీయాల్సింది ట్యాంకు దగ్గర ఒక్కచోటే కాదు, పైపులైను చిట్టచివరి ఇంట్లోనూ తీయాలి. క్లోరిన్ ముందుగా తగ్గిపోయేది అక్కడే.

చట్టం ఎప్పుడో చెప్పింది

ప్రజారోగ్యం అంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఆసుపత్రి, డాక్టరు, మందులు. మున్సిపాలిటీ ప్రజారోగ్య విభాగం చేసే పనుల జాబితా చూస్తే అందులో మందు బిళ్ల దాదాపు కనిపించదు. వీధులు ఊడ్చడం, చెత్త ఎత్తడం, కాల్వల్లో పూడిక తీయడం, దోమపిల్లలను చంపడం, నీటి నమూనాలు చూడడం, కబేళాలో పశువును పరీక్షించి మాంసం మీద ముద్ర వేయడం, హోటళ్ల వంటగదులు తనిఖీ చేయడం, కుక్కలకు శస్త్రచికిత్సలు, టీకాలు వేయించడం, శ్మశానాలు నడపడం, జననమరణాలు నమోదు చేయడం... ఆ పనులు ఇలాంటివే. ఇవన్నీ మనిషి రోగి కాకముందు జరగాల్సిన పనులు. వీటి ఫలితం కంటికి కనిపించదు. ఫలానా వార్డులో ఈ ఏడాది ఫలానా పిల్లవాడికి డెంగ్యూ రాకుండా పోయిందని ఎవరూ చెప్పలేరు. ఆ పిల్లవాడి తల్లికి కూడా తెలియదు. ఈ విభాగానికి ప్రారంభోత్సవాల ఫొటోలు లేకపోవడానికీ, బడ్జెట్‌లో ఎప్పుడూ చివరి వరస దక్కడానికీ ఇదే మూలం.

మన చట్టాల చరిత్రలోనూ ఈ రెండు దారులు కనిపిస్తాయి. 1896లో బొంబాయిని ప్లేగు కుదిపేస్తే మరుసటి ఏడాది బ్రిటిష్ ప్రభుత్వం అంటురోగాల చట్టం తెచ్చింది. అది చాలా చిన్న చట్టం. మహమ్మారి వచ్చాక అధికారులకు అసాధారణ అధికారాలు ఇవ్వడమే దాని పని. 2020లో కరోనా వచ్చినప్పుడూ మనం బయటికి తీసింది దాన్నే. అదే 1897లో, ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. మలేరియాను ఆపాలంటే దోమ పుట్టే నీటి మీద ఏడాది పొడవునా కన్నేసి ఉంచాలన్న జ్ఞానం ఆ రోజు ఈ నేల మీద పుట్టింది. ఆపద ముంచుకొచ్చాక చేసే పనిని చట్టం చూపించింది, ఆపద రాకుండా చేసే పనిని శాస్త్రం చూపించింది. నూట పాతికేళ్లు దాటినా మన ప్రభుత్వాలకు మొదటిది అలవాటైనంతగా రెండోది కాలేదు.

> పునాది రాళ్లు
> 1939: మద్రాసు ప్రజారోగ్య చట్టం. దేశంలో ఈ తరహా సమగ్ర చట్టాల్లో మొదటిది. స్థానిక సంస్థలకు ఆరోగ్య అధికారులు ఉండాలని, ఆదాయంలో నిర్ణీత వాటా ప్రజారోగ్యానికి పక్కన పెట్టాలని చెప్పింది. ఆంధ్ర ప్రాంతానికి ఇది వారసత్వంగా వచ్చింది.
> 1969: జనన మరణాల నమోదు చట్టం. ఏ జననమైనా మరణమైనా 21 రోజుల్లోగా నమోదు కావాలి.
> 1992: 73, 74వ రాజ్యాంగ సవరణలు. ప్రజారోగ్యం, పారిశుద్ధ్యం పంచాయతీలకూ మున్సిపాలిటీలకూ అప్పగించాల్సిన అంశాల జాబితాల్లో చేరాయి.

పొగ కనిపిస్తుంది, పని కనిపించదు

కనిపించే పనికీ పనికొచ్చే పనికీ మధ్య దూరం ఎంతో చెప్పడానికి ఫాగింగ్‌ను మించిన ఉదాహరణ లేదు. కాలనీలో నలుగురికి జ్వరం రాగానే అందరూ అడిగేది పొగ బండినే. కార్పొరేటరు ఫోను చేస్తాడు, సాయంత్రానికి బండి వస్తుంది, వీధంతా తెల్లటి పొగ కమ్ముకుంటుంది. ఏదో జరిగిందన్న తృప్తి కలుగుతుంది. ఆ పొగ చంపేది ఆ క్షణంలో గాలిలో ఎగురుతూ దానికి తగిలిన పెద్ద దోమలను మాత్రమే. ఈడిస్ దోమ ఎక్కువగా ఇంట్లోనే, మంచం కిందా, బట్టల చాటునా దాక్కుంటుంది. వీధిలో వేసిన పొగ అక్కడి దాకా చేరడం తక్కువ. డ్రమ్ములో ఉన్న పురుగును అది తాకనే తాకదు. రెండు మూడు రోజుల్లో ఆ డ్రమ్ముల నుంచి కొత్త దోమలు లేస్తాయి. రోగం ప్రబలినప్పుడు, రోగి ఇంటి చుట్టుపక్కల వైరస్ మోస్తున్న దోమలను త్వరగా తగ్గించడానికి ఫాగింగ్ పనికొస్తుంది. వారం వారం జరగాల్సిన పనికి అది బదులు కాదు.

ఆ వారం వారం పని మహా నీరసమైనది. ఇల్లిల్లూ తిరగాలి, ప్రతి తొట్టీ చూడాలి, పూలకుండీ కింద పళ్లెం, కూలరు అడుగు, ఫ్రిజ్ వెనక ట్రే, మేడ మీద పాత టైరు, ఖాళీ స్థలంలో కొబ్బరి చిప్ప, కడుతున్న అపార్టుమెంటు సెల్లారు వెతకాలి. వంద ఇళ్లు చూస్తే ఎన్నింట్లో దోమపిల్లలు కనిపించాయో రాసుకోవాలి. ఈ లెక్కను వార్డుల వారీగా పోల్చి చూస్తే డెంగ్యూ ఎక్కడ విరుచుకుపడబోతోందో ఆసుపత్రికి తెలియకముందే మున్సిపాలిటీకి తెలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 'శుక్రవారం డ్రై డే' అన్నా, తెలంగాణలో 2020లో 'ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు' అని ప్రచారం చేసినా వాటి వెనకున్న తర్కం ఇదే. గుడ్డు నుంచి దోమగా ఎగరడానికి పట్టే కాలం వారం పైచిలుకు. వారానికొకసారి ఆ గొలుసు తెంపితే చాలు. నినాదాలు మంచివే. మనిషి వచ్చి డ్రమ్ము చూడని ఇంట్లో వాటి ఆయుష్షు రెండు వారాలు.

> దోమ క్యాలెండర్
> • ఈడిస్ దోమ గుడ్డు నుంచి పెద్ద దోమ అయ్యేందుకు ఎండాకాలం, వానాకాలాల్లో సుమారు 7 నుంచి 10 రోజులు.
> • గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. అందుకే పారబోస్తే సరిపోదు, గోడలు తోమాలి.
> • కుట్టేది ఎక్కువగా పగటి పూటే. రాత్రి దోమతెర ఒక్కటే రక్షణ కాదు.
> • పారబోయలేని నీటికి బిగుతైన మూత గానీ, గుడ్డ కట్టడం గానీ దారి. బావులు, చెరువుల్లో గంబూసియా చేపలు వదులుతారు.

సూరత్ ఏం చేసింది?

ఈ పని ఫలితమిస్తుందనడానికి రుజువు కావాలంటే సూరత్ వైపు చూడాలి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు వేల సంఖ్యలో బతుకు వెతుక్కున్న నగరం అది. 1994 సెప్టెంబరులో ఊపిరితిత్తులకు సోకే ప్లేగు అక్కడ సుమారు యాభై మందిని బలి తీసుకుంది. వరద తగ్గాక కుళ్లిన చెత్త, మురుగు, కిక్కిరిసిన మురికివాడల మధ్య ఆ భయం నిప్పులా పాకింది. లక్షల మంది రైళ్లు పట్టుకుని నగరం వదిలి పారిపోయారు. మరమగ్గాలు ఆగిపోయాయి. భారతదేశానికి విమానాలు ఆపిన దేశాలున్నాయి.

1995 మేలో సూర్యదేవర రామచంద్రరావు అనే ఐఏఎస్ అధికారి అక్కడ మున్సిపల్ కమిషనర్‌గా వచ్చారు. ఆయన కొత్తగా కట్టిన పెద్ద ఆసుపత్రి ఏమీ లేదు. నగరాన్ని ఆరు జోన్లుగా చేసి, కమిషనర్‌కు ఉన్న అధికారాలను ఆ జోన్ల అధికారులకు పంచారు. పొద్దున్నే ఉన్నతాధికారులంతా వీధుల్లో ఉండాలి, మధ్యాహ్నం కూర్చుని ఆ రోజు చూసింది మాట్లాడుకోవాలి. చెత్త, మురుగు, నీళ్లు, ఆక్రమణలు, హోటళ్ల శుభ్రత అన్నీ ఆ ఒక్క సమావేశంలోకే వచ్చేవి. మురికివాడలకు నీళ్లు, మరుగుదొడ్లు, గచ్చు బాటలు వచ్చాయి. చెత్త వేసిన హోటలుకు పడిన జరిమానా పలుకుబడి ఉన్నవాడికీ పడింది. ఏడాదిన్నర తిరిగేసరికి చండీగఢ్ తర్వాత దేశంలో రెండో శుభ్రమైన నగరంగా సూరత్‌కు వారసత్వ పరిరక్షణ సంస్థ ఇన్‌టాక్ గుర్తింపు దక్కింది.

ఒక్క మంచి అధికారి వస్తే ఏదైనా జరుగుతుందిలే అనడం తేలిక. సూరత్ అసలు బలం ఆయన బదిలీ అయ్యాక బయటపడింది. వార్డుల్లో రోజూ తిరగడం, ఆసుపత్రుల నుంచి ఏ రోజుకారోజు రోగుల వివరాలు తెప్పించుకోవడం అక్కడ ఒక మనిషి అలవాటుగా కాక కార్యాలయం అలవాటుగా నిలబడిపోయాయి. 2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో అత్యధిక భాగాన్ని ముంచెత్తినా 1994 నాటి విషాదం తిరిగి రాలేదు. 2023 స్వచ్ఛ సర్వేక్షణ్‌లో ఇండోర్‌తో కలిసి మొదటి స్థానం పంచుకుంది. మూడు దశాబ్దాలు, ఎందరో కమిషనర్లు, ఎన్నో ఎన్నికలు దాటి నిలిచిన పని ఒక వీరుడి కథ కాజాలదు. పనిని ఒకచోట చేర్చి, రోజూ లెక్క చూసుకునే పద్ధతి గెలిచిన కథ అది.

మరణాల రిజిస్టరులో ఖాళీ గడి

వార్డు పనుల్లో అన్నింటికన్నా నిశ్శబ్దంగా సాగేది జననమరణాల నమోదు. చాలామందికి అది బ్యాంకులోనో, ఆస్తి పంపకంలోనో అవసరపడే కాగితం. ప్రజారోగ్యానికి మాత్రం అది తొలి హెచ్చరిక. ఎవరు, ఏ వయసులో, ఏ వీధిలో, దేనివల్ల చనిపోయారో సరిగ్గా రాసిన ఊరికి తన రోగం తనకే ముందు తెలుస్తుంది. దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి దాదాపు అయిదో వంతు మాత్రమే. ఇంట్లో పోయిన మనిషికి 'వయోభారం' అనో 'గుండె ఆగి' అనో రాస్తారు, లేదా ఆ గడి ఖాళీగా ఉండిపోతుంది.

ఆ ఖాళీకి మనం చెల్లించిన వెల ఉద్దానం. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం వైపు పచ్చటి కొబ్బరి, జీడితోటల మధ్య మూత్రపిండాల జబ్బు ఇంటింటికీ పాకింది. కష్టం చేసుకునే వయసులో మనుషులు మంచం పట్టారు. కుటుంబాలు భూములు అమ్ముకుని విశాఖకు డయాలసిస్ కోసం తిరిగాయి. ఒక్కో ఊళ్లో ఏటా ఇన్ని చావులు ఇదే లక్షణంతో ఎందుకు జరుగుతున్నాయన్న ప్రశ్న ఊరివాళ్ల నోట చాలాకాలం నలిగింది, ఆ తర్వాత ఎప్పటికో పరిశోధకుల దాకా చేరింది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఆ జబ్బుకు అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. పంచాయతీ మరణాల పుస్తకంలో కారణం గడిని మొదటి నుంచీ నిజాయితీగా నింపి, మండల స్థాయిలో ఎవరైనా ఏడాదికొకసారి ఆ అంకెలు కూడి చూసి ఉంటే, ఆ లెక్క ఎన్నో ఏళ్ల ముందే గట్టిగా మాట్లాడేది.

2020 డిసెంబరులో ఏలూరులో ఆరు వందల మందికి పైగా హఠాత్తుగా మూర్ఛతో పడిపోయినప్పుడూ ఇదే లోటు కనిపించింది. ఎయిమ్స్, జాతీయ పోషకాహార సంస్థ, సీసీఎంబీ వంటి పెద్ద సంస్థలన్నీ వచ్చాయి. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయన్నారు, పురుగుమందుల అవశేషాలను అనుమానించారు. ఎంత గొప్ప శాస్త్రవేత్త వచ్చినా అతనికి కావాల్సింది నిన్నటి నమూనా, మొన్నటి లెక్క. వాటిని భద్రపరచగలిగింది ఊళ్లో రోజూ ఉండే వ్యవస్థ ఒక్కటే.

ఈ పని చేసే చేతులు

ఇంత బరువు ఎవరి భుజాల మీద ఉంది? పారిశుద్ధ్య కార్మికుల్లో అత్యధికులు దళిత కుటుంబాలవారు, ఊడ్చేవారిలో ఎక్కువమంది మహిళలు. చాలామంది ఏళ్ల తరబడి ఔట్‌సోర్సింగ్ జీతం మీదే ఉన్నారు. కరోనా రోజుల్లో వాళ్లకు పూలదండలు వేసి పాదాలు కడిగిన ఫొటోలు అందరూ చూశారు. చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు, నెలనెలా జీతం మాత్రం ఇప్పటికీ పోరాడి తెచ్చుకోవాల్సిన కోరికలే. 2015 జులైలో రెండు రాష్ట్రాల్లోనూ, 2023 డిసెంబరు చివర నుంచి ఆంధ్రప్రదేశ్‌లోనూ వాళ్లు సమ్మెకు దిగినప్పుడు కొద్దిరోజుల్లోనే పట్టణాలు చెత్తకుప్పలతో నిండిపోయాయి. ఏ వీధిలో ఏ ఇంటి సంపుకు మూత లేదో, ఏ కాల్వ ఏ వానకు పొంగుతుందో ఈ కార్మికులకు తెలిసినంతగా ఏ యాప్‌కూ తెలియదు. మాటిమాటికీ మనిషిని మార్చే ఏర్పాటులో ఆ జ్ఞానం నిలవదు. వాళ్ల ఉద్యోగ భద్రతను సంక్షేమం పద్దులో వేసి సరిపెట్టుకోకూడదు, అది నేరుగా రోగనివారణ ఖర్చు.

"జనం మారరు, నాయకులు పనిచేయరు, డబ్బు లేదు"

ఈ వాదనకు ఎదురయ్యే మొదటి అభ్యంతరం జనం గురించి. ఇంటి ముందు చెత్త వేసేది జనమే, డ్రమ్ముకు మూత పెట్టనిదీ జనమే, మున్సిపాలిటీ ఏం చేస్తుందని అడుగుతారు. జనం బాధ్యత నిజమే. కానీ మూత లేని డ్రమ్ము వెనక చాలాసార్లు రాని కొళాయి ఉంటుంది. ఒడిశాలోని పూరీ నగరంలో 2021 జులై నుంచి ఇరవై నాలుగు గంటలూ నేరుగా తాగగలిగే నీళ్లు కొళాయిలో ఇస్తున్నారు. అలాంటి ఇంట్లో డ్రమ్ము అవసరమే తగ్గిపోతుంది. పైపులో ఎప్పుడూ ఒత్తిడి ఉంటే మురుగు లోపలికి రాదు. అవసరం తీర్చిన చోట అలవాటు మార్చడం సులువు, అవసరం అలాగే ఉంచి అలవాటు మార్చుకోమంటే ఎవరూ వినరు.

రెండో అభ్యంతరం నాయకత్వం గురించి. వార్డు రాజకీయాల్లో వాటాలు, పైరవీలు ఉంటాయి, పని అంతా రాష్ట్ర శాఖకు అప్పగించడమే మేలని కొందరంటారు. అవినీతి రాష్ట్ర స్థాయిలో లేదని ఎవరూ అనలేరు. తేడా ఏమిటంటే వార్డులో తప్పు జరిగితే అడగాల్సిన మనిషి వీధి చివరే ఉంటాడు. కేరళ 1996లో ప్రజాప్రణాళిక మొదలుపెట్టినప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించింది. ఆ నిర్ణయం అక్కడి ప్రజారోగ్యాన్ని బలహీనపరచలేదు. మన దగ్గర కనీసం ఎన్నికలైనా వేళకు జరగడం లేదు. తెలంగాణ గ్రామ పంచాయతీలు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. స్థానిక సంస్థలకు బలం ఇవ్వకుండానే అవి పనికిరావని తీర్పు చెప్పడం న్యాయం కాదు. వాటికి తోడుగా రాష్ట్రం చేయాల్సింది కూడా ఉంది. తమిళనాడులో ప్రజారోగ్యానికి విడిగా డైరెక్టరేటు, ఆ చదువు చదివిన వైద్యుల కేడర్ ఉన్నాయి. శస్త్రచికిత్స చేసే డాక్టరుకూ ఊరి మీద కన్నేసే ఆరోగ్యాధికారికీ కావాల్సిన శిక్షణ వేరని ఆ రాష్ట్రం గుర్తించింది. మన మున్సిపల్ ఆరోగ్యాధికారి పోస్టుకూ ఆ గుర్తింపు రావాలి.

మూడోది డబ్బు. ఆసుపత్రులకే చాలడం లేదు, దీనికెక్కడి నుంచి తెస్తామని అడుగుతారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి, చావు నుంచి కాపాడింది. దాన్ని తగ్గించమని ఎవరూ అనడం లేదు. కానీ చికిత్స బిల్లు ఏటా పెరుగుతూ పోతే ఏ ప్రభుత్వం తట్టుకోలేదు, దాన్ని తగ్గించే దారి నివారణే. డబ్బు అసలు రాలేదన్నదీ నిజం కాదు. 15వ ఆర్థిక సంఘం 2021 నుంచి 2026 వరకు స్థానిక సంస్థల ద్వారా ఆరోగ్యానికి 70,051 కోట్ల రూపాయలు సిఫారసు చేసింది. అందులో ఎక్కువ భాగం ఉద్దేశించింది ఉపకేంద్రాల భవనాలు, పట్టణ ఆరోగ్య కేంద్రాలు, రోగ నిర్ధారణ పరీక్షల కోసం. కాల్వ పక్కనున్న పైపును మార్చడానికి, క్లోరిన్ పరీక్ష చేసే మనిషికి, కీటకశాస్త్రం చదివిన అధికారికి ఆ స్థాయి కేటాయింపు రావాలి. ఆదాయంలో వాటా ముందే పక్కన పెట్టాలన్న 1939 నాటి చట్టం ఆలోచన ఈ రోజుకూ సరైనదే.

బల్లలు కలిశాయి, జాబితాలు కలవాలి

ఈ మార్పు కోసం కొత్త వ్యవస్థ కట్టాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న మొదలైన వార్డు సచివాలయాల్లో నీళ్లు చూసే కార్యదర్శి, పారిశుద్ధ్యం చూసే కార్యదర్శి, ఇళ్ల ప్లాన్లు చూసే కార్యదర్శి, ఏఎన్ఎం ఒకే కప్పు కింద కూర్చుంటున్నారు. హైదరాబాద్‌లో 2023 జూన్‌లో తెరిచిన వార్డు కార్యాలయాల్లోనూ ఉద్దేశం అదే. పారిశుద్ధ్యం, దోమల నివారణ, జలమండలి సిబ్బందిని ఒకచోటికి తేవడమే వాటి పని. బస్తీ దవాఖానాలు, ఆశా కార్యకర్తలు వీధిలోనే ఉన్నారు. బల్లలు పక్కపక్కనే చేరినా వాటి మీద కాగితాలు మాత్రం ఇంకా వేర్వేరు శాఖల వైపే నిలువుగా పైకి పోతున్నాయి.

ఏఎన్ఎం రాసే జ్వరాల, విరేచనాల జాబితా ప్రతి సాయంత్రం పైపులైను పటం పక్కన పరవాలి. ఒకే లైను మీద మూడు ఇళ్లు తేలితే ఇంజినీరు ఆ రాత్రే లీకేజీ వెతకాలి. దోమపిల్లలు ఎక్కువ దొరికిన వీధులకే నీళ్ల సరఫరా మెరుగుపరిచే పనిలో తొలి వంతు దక్కాలి. వీధి చివరి కొళాయిలో క్లోరిన్ ఎంత, వందకు ఎన్ని ఇళ్లలో పురుగులు కనిపించాయి, ఏ కాల్వ పూడిక ఎప్పుడు తీశారు అనే మూడు లెక్కలు వారం వారం వార్డు బోర్డు మీద తెలుగులో రాయాలి. దీనికి కావాల్సింది సుద్దముక్క ఖర్చు, లెక్క చెప్పే ధైర్యం. అంకెలు బయటపెడితే జనం భయపడతారని అధికారులు అంటారు. భయం పుట్టేది దాచిన అంకె నుంచే. చెప్పిన అంకె చేతికి పని ఇస్తుంది, నీళ్లు కాచుకోమంటుంది, డ్రమ్ము తోమమంటుంది, కార్పొరేటరును నిలదీయమంటుంది.

దోమ ఎలా పుడుతుందో, నీళ్లలోకి మురుగు ఎలా చేరుతుందో మనకు తెలియక కాదు జ్వరాలు వస్తున్నది. ఈ విషయంలో కనుగొనాల్సిన శాస్త్రం పెద్దగా మిగల్లేదు, నడపాల్సిన పాలన మిగిలింది. ఆరోగ్యం మీద ప్రభుత్వాన్ని అడిగే ప్రశ్న ఇన్నాళ్లూ 'మా ఊరికి ఎన్ని పడకలు?' అనే దగ్గర ఆగిపోయింది. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ ఇంకో ప్రశ్న అడుగుదాం: "మా వీధి చివరి కొళాయిలో ఈ వారం క్లోరిన్ ఎంత ఉంది?" జవాబు తెలియని అభ్యర్థి తెలుసుకుని వచ్చేదాకా మన ఓటు మన దగ్గరే ఉంచుకోవచ్చు.